చెంప ఆనే చోటు

అదీగాక ఈ మేపుల్ చెక్క మొండిది, అలల చారలు ఉన్నచోట చెయ్యి కాస్త తొందరపడిందా పెచ్చు లేచిపోతుంది, మెల్లగా, మెల్లగా అనుకుంటూ వెర్నా ఆకురాయి ఆపి తుపాకీ మడమ మీది పొట్టు ఊదింది, చెంప ఆనే గట్టు మీద తను గీసుకున్న పెన్సిల్ గీత దాకా ఇంకా రెండు అగ్గిపుల్లల మందం చెక్క ఉంది, ఆ గీత ఊరికే గీసింది కాదు, పన్నెండేళ్ల కిందట లామార్ కోసం చేసిన మొదటి చెకుముకి తుపాకీ మీద అట్టముక్క పెట్టి తీసిన కొలత, చెంప ఎంత లావైతే చెక్క అంత తగ్గాలి, కట్టుకున్న మొగుడి చెంప ఎంత మందమో ఎవరు కొలుస్తారు గనక, తను కొలిచింది, కొలిచి ఇది చెంపా, బన్నా అని నవ్వింది, నువ్వు పెట్టిన తిండే కదే అన్నాడు, నిజమే, ఆదివారాల కోడి పులుసు, బెల్లంపాకం పోసి కాల్చిన పై రొట్టె, ముక్క మీద ముక్క, అదంతా ఈ జూన్‌లో కడుపు ఆపరేషన్‌తో ఎటు పోయిందో, నలభై పౌన్లు, పాత తుపాకీ బరువు మోయలేకపోతున్నాడనే గదా ఈ తేలికదాన్ని మొదలుపెట్టింది, క్రిస్మస్ వెళ్లగానే జింకల వేట, ముప్పై ఏళ్లుగా ఒక్క ఏడూ మానలేదు, ఈ ఏడు మానాడంటే ఇంక మానినట్టేనని ఆమె భయం.

తలుపు కిర్రుమంది, లామార్, అడక్కుండానే తుపాకీ అందుకుని కళ్లు మూసుకుని చెంప వాల్చాడు, ఆ పద్ధతి నేర్పింది తనే, కళ్లు తెరిచేసరికి గొట్టం కొసన గురిముల్లు ఎదురుగా ఉండాలి, వెతుక్కోకూడదు, ఉంది వెర్నా, సరిగ్గా నడిమధ్యన ఉంది, ఇంక దీన్ని ముట్టుకోకు అన్నాడు, అదేంటి, ఇంకా చెక్క తియ్యాలి, గీత అక్కడుంటేనూ, ఎవరి మొహం గీతే అది, నీదే ముసలాడా, క్రిస్మస్ నాటికి మళ్లీ ఒళ్లు చేస్తావు, డాక్టరు చెప్పలా, డాక్టరు చెయ్యొచ్చన్నాడు, చేస్తావనలేదు, పొద్దున పాతదాంతో రేకుడబ్బా మీదికి మూడుసార్లు కాల్చి మూడుసార్లూ తప్పాను, చెంపకి చెక్కే అందట్లేదు, తల గాల్లో పెట్టి కాల్చినట్టుంది, అని నవ్వేసి పొయ్యి పక్క కుర్చీలో కూర్చున్నాడు, కూర్చున్నవాడు కూర్చున్నట్టే కునుకు తీశాడు.

చెక్క మిగిల్చిన తుపాకీ చూస్తే మార్లిన్ ఊరుకుంటాడా, తనకి ఈ పని నేర్పిన మనిషి, కంచె గుంజకి గొట్టం కట్టావేమమ్మా అని అందరి ముందూ ఆడిపోసుకుంటాడు, ఆడిపోసుకోనీ, అది కాదు, గీత దాకా తియ్యకపోతే లామార్ ఇంక ఇంతేనని తన చేత్తో తనే ఒప్పుకున్నట్టు, తీసేస్తే, తీసేస్తే మటుకు ఒళ్లు వస్తుందా, రాకపోతే గురిముల్లు మళ్లీ దొరకదు, తీసిన చెక్కని తిరిగి అతికించలేం, ఉంచిన చెక్కనైతే ఎప్పుడైనా గీకొచ్చు, నెలకింత, అతను ఎంత పుంజుకుంటే అంత, ఇంత చిన్న సంగతి కొత్తగా పని నేర్చుకునేవాళ్లకి తనే చెబుతుంది గదా, బొటనవేలు తడి చేసి గీతని రుద్దేసింది, కుర్చీలో నిద్రపోతున్నవాడి వైపు తిరిగి చూసింది, నోరు కాస్త తెరుచుకుని, చెంప ఎముక పైకి తేలి, ఎముక కింద చిన్న గుంట, ఆ గుంటని నాలుగు నెలలుగా తను సరిగా చూడనేలేదు, చూడకుండా తిను తిను అని కసిరింది, పాత లామార్ వస్తాడని గుమ్మంలో కాచుకుని కూర్చుంది, ఈయన్ని మాత్రం చుట్టపుచూపుగా వచ్చినవాడిలా ఓ పక్కన కూర్చోబెట్టింది, వచ్చి ఎదురుగా కూర్చుని తన చేతి పులుసు తాగుతున్నవాడు ఈయనే, తను చెక్కినదాని మీద చెంప వాల్చి బావుందన్నవాడూ ఈయనే, ఈ బక్క చెంపా తన మొగుడిదే, దీన్ని కూడా ఆమె ప్రేమిస్తోంది.