అరికాలి పరీక్ష

వరదప్ప పదకొండో జత కాళ్లు కడుగుతున్నాడు. వేలి సందుల్లోని ఎర్రమట్టి తీసి, మగ్గుతో నీళ్లు పోసి, తువ్వాలుతో అద్దాడు. పొడుగాటి మనిషి, కొంచెం వంగిన వీపు, మోచేతుల దగ్గర వెలిసిన ఖాకీ చొక్కా. హోసూరు ఆసుపత్రిలో ముప్పై ఒక్క ఏళ్లుగా అటెండరు. ఈ సాయంత్రంతో ఉద్యోగం ముగుస్తుంది. అల్లుడి కాళ్లు కడిగే మామకు లేని చిన్నతనం తనకెందుకని అతని లెక్క.

రెండు నెలలుగా బెంగుళూరు నుంచి డాక్టర్ అంబిక వస్తోంది. షుగరు ఉన్నవాళ్ల పాదాల్లో నరాలు ఎక్కడ మొద్దుబారాయో అన్నదే ఆమె పరిశోధన. కళ్లు మూసుకోమని చెప్పి, పుల్ల చివరనున్న నైలాన్ దారాన్ని అది వంగేదాకా అరికాలికి ఆనిస్తుంది. తగిలితే చెప్పాలి. తెలియనివాళ్లకు మందులూ మెత్తటి చెప్పులూ ఇస్తారు. నూట ఎనభై మందిలో అలాంటివాళ్లు తొమ్మిదిమందే తేలారు. ఈ ఊరి నరాలు గట్టివని ఆమె ఆశ్చర్యపోయేది.

పన్నెండో మనిషి డెంకణికోట ఆదిలక్ష్మమ్మ. అంబిక కింద కూర్చుని పాదం పట్టుకోబోతే చటుక్కున లాక్కుంది.

"చదువుకున్న బిడ్డవి, నా కాళ్లు పట్టుకుంటావా తల్లీ? నాకు పాపం చుట్టుకోదా?"

"ఏం కాదమ్మా. కళ్లు మూసుకోండి."

ఆమె సగమే మూసింది. డాక్టరు చెయ్యి దగ్గరికి రాగానే "తగిలింది, తగిలింది. లెయ్ తల్లీ" అంది. పది చోట్లా అంతే. అంబిక తలవంచి రాసుకుంది.

తువ్వాలు పిండుతున్న వరదప్ప అది చూశాడు. డాక్టర్ల పనిలో ఏనాడూ అతను నోరు పెట్టలేదు. పెడితే ఆఖరి రోజున అధికప్రసంగి అనిపించుకుంటాడు. పెట్టకపోతే ఈమె మందులూ చెప్పులూ లేకుండా అలాగే ఇంటికి పోతుంది.

"అమ్మా, ఆమె దొంగకన్నుతో చూసినాది. మీరు కింద కూర్చుంటే మావోళ్లు ఓర్చుకోలేరు. మిమ్మల్ని లేపేదానికి తగిలిందంటారు. ముందొచ్చినోళ్లూ అట్లే అనింటారు."

"ఇన్నాళ్లూ చెప్పలేదేం?"

"మీరు కాళ్లు పట్టుకుంటే నాకూ సిగ్గైతా ఉండె. తల తిప్పుకుంటా ఉంటి."

అంబిక లేచి నిలబడింది. దారం పుల్ల అతనికే ఇచ్చింది.

వరదప్ప చాప మీద కూర్చుని, ఆదిలక్ష్మమ్మ కళ్లకు పొడి తువ్వాలు కట్టాడు.

"నీ తమ్ముడనుకో అక్కా. తగిలితేనే చెప్పు. ఊరికే చెప్తే నీ కాళ్లకు మొక్కుతా."

"మొక్కు, దీవిస్తా" అని ఆమె కాళ్లు చాచుకుంది. ఏనుగులు రాగిచేను తొక్కిన కథ మొదలుపెట్టింది. బొటనవేలి కింద దారం విల్లులా వంగింది. మడమ మీద వంగింది. ఏనుగులు చేను దాటి చెరుకుతోటలో పడ్డాయి.

"ఏమప్పా, ఎప్పుడు మొదలుపెడ్తావు?" అని అడిగింది ఆమె.

అప్పటికి ఏడు చోట్లు అయ్యాయి.

అంబిక కొత్త కాగితం తీసింది. అందరినీ మళ్లీ పిలవాలి అంది, కొంచెం నవ్వుతూనే. నొప్పి తీసెయ్యమని మొక్కుకునేవాళ్లను వరదప్ప ఎందరినో చూశాడు. నొప్పి కూడా దేవుడు పెట్టిన కాపలాయేనేమో. మరి ఈమెకు కాపలా ఎందుకు తీసేశాడు? కొత్త చెప్పులకు కొలత తీసుకున్నాడు.

పాతవి పక్కకు పెడుతుంటే కుడి చెప్పులోంచి చింతగింజంత కంకర రాయి రాలింది. బస్టాండు నుంచి ఆమె దానిమీదే నడిచి వచ్చింది.

"బస్సెక్కిస్తే దానికీ టికెట్టు తీయాల్సిందే" అని ఆమె నవ్వితే డాక్టరమ్మా నవ్వింది.

ఐదింటికి వరదప్ప మెడలో చామంతి దండ వేశారు, మైసూరుపాకు పెట్టారు. మగ్గుకు కన్నముందని, మార్చమని చెప్పి అతను ఇంటికి రాయకోట బస్సెక్కాడు.

అంబిక బల్ల మీద, కొత్త కాగితంలో 'కుడి పాదం' అన్న మాట పక్కన, ఆ రాయి ఉంది.