గణపతి వాకిటి కింద రాయి

నాలుగు వందల మీటర్ల వైరు మీది బురద తుడిచి చుట్టలు చుట్టడం శోభారాణి పని. ఇనుప రాడ్ల తుప్పు గీకడం, బ్యాటరీ ఛార్జింగు పెట్టడం, టిఫిను కట్టడం కూడా ఆమె పనే. భూమిలోకి కరెంటు పంపి, అడుగున రాయి ఉందో నీళ్లున్నాయో చెప్పే ఆ మీటరును చదవడం సిరొంచలోని ఆ ఇంట్లో ఆమెకే వచ్చు. ఉస్మానియాలో రెండేళ్లు అదే చదివింది. రిపోర్టు కింద సంతకం మాత్రం భర్త వినయ్‌కుమార్‌ది. పెళ్లయిన కొత్తలో అడిగితే, "నీది నాది అని ఏంది? ఒక్క ఇల్లే గదా" అన్నాడు. "మొగోని పేరుంటెనే ఊళ్లె నమ్ముతరు" అని అత్త వెంకటవ్వ ఇంకో మాట కలిపింది. ఆరేళ్లయినా ఆ ఒక్క ఇంట్లో ఆమె పేరు రేషన్ కార్డు మీద తప్ప ఎక్కడా లేదు.

2005 ఎండాకాలం. అహేరి పక్కన నాగేపల్లిలో ఊరి బోరుకు చోటు చూడాలి. పొద్దున్నుంచి శోభారాణి, కూలికొచ్చిన యాదక్క రాడ్లు పాతి, తీగలు సాగదీసి రెండు చోట్ల కొలిచారు. యాదక్క ఉండే వాడలో లోతుకు పోయేకొద్దీ మీటరులో అంకె దిగింది. అంటే కింద తడి ఉంది. పెద్దరైతు గణపతి వాకిట్లో అంకె ఎగబాకింది. గట్టి రాయి.

"మా వాడల నీళ్లు పడితే ఇగ వాగు దాంక పోవుడు తప్పుతదా, బిడ్డా?" అంది యాదక్క.

"తప్పుతది" అంది శోభారాణి.

మధ్యాహ్నం గణపతి ఇంట్లోనే భోజనాలు. "మా ఇంటామెకు జర సాయం చెయ్యరాదమ్మా, పదిమంది తినాలె" అన్నాడాయన. వసారాలో కుర్చీలో కూర్చున్న వినయ్‌కుమార్ ఆమె వైపు చూడకుండానే తలూపాడు. చేతుల మట్టి కడుక్కుని ఆమె వంటింట్లోకి పోయింది. గరిటె పట్టిందో లేదో, వసారాలోంచి భర్త గొంతు వినబడింది.

"అంకె ఎంత పెరిగితే నీళ్లు గంత ఎక్కువ. మీ వాకిట్లనే ఖాయం చేద్దాం."

ఆమెకు మొదట నవ్వు రాబోయింది. ఆ వెంటనే కోపం వచ్చింది. ఆరేళ్లుగా తన రాతల కింద సంతకం పెట్టినవాడికి ఆ రాతలు చదవడం రాదు. ఒక్కనాడూ అడగలేదు. తెలియనివాడిని కుర్చీలో కూర్చోబెట్టారు, తెలిసినదాన్ని గరిటె పట్టమన్నారు. ఇన్నేళ్లలో ఎవరి మొహమాటానికి ఎన్ని ఊళ్లలో తన కొలతలు పక్కకు పోయాయో, ఎందరు ఆడవాళ్లు ఇంకా బిందెలు మోస్తున్నారో.

వసారాలోకి వచ్చి, ఊరి పంచాయతీ పనులు చూసే గ్రామసేవక్ కిష్టన్న ముందున్న నోటుబుక్కు తీసుకుంది.

"ఆయన తిర్లమర్ల చెప్పిండు, కిష్టన్నా. అంకె పెరిగితే రాయి. ఈడ బోరేస్తే దుమ్మే లేస్తది. నీళ్లు యాదక్క వాడల ఉన్నయి."

అందరూ ఆమె వైపే చూశారు. "లోపలికి పో" అన్నాడు వినయ్‌కుమార్ పళ్లు బిగించి. "ఇంటికి పోయినంక మాట్లాడుదాం."

"ఇంటికి పోయినంక మీరు మాట్లాడుతరు, నేను వింట. ఆరేండ్ల సంది గదే అయితున్నది."

నిలబడే రిపోర్టు రాసింది. కింద శోభారాణి, ఎమ్మెస్సీ అని సంతకం పెట్టి కిష్టన్నకిచ్చింది.

రెండు వారాలకు ఇంటికి ఫోనొచ్చింది. యాదక్క వాడలో బోరు పడింది. వినయ్‌కుమార్ రిసీవరు అందుకుని "నేనే, చెప్పుండ్రి" అన్నాడు. ఒక నిమిషం విన్నాడు. ముఖం మాడ్చుకుని, వెంకటవ్వ చూస్తుండగానే రిసీవరు భార్యకిచ్చాడు.

"అంకీస ఊళ్లె కూడ బోరుకు చోటు చూడాల్నట, మేడం. ఎప్పుడొస్తరు?" అన్నాడు కిష్టన్న.

వినయ్‌కుమార్ ఎల్లుండి అన్నట్టు వేళ్లు చూపించాడు.

"రేపే వస్త" అంది శోభారాణి. "ఒక్కదాన్నే వస్త."