సన్యాసినాయుడి రెండు భుజాలు

నేను ఒక నేత కండువాను. పొందూరు మగ్గం మీద పుట్టి, నాటకాల సన్యాసినాయుడి భుజం మీద ఇరవై ఏళ్లు బతికాను. రాజు నుంచి బంట్రోతు దాకా ఎన్ని వేషాలు కట్టినా, సినిమా తెర మీద తన ముఖం ఒక్కసారి చూసుకోవాలన్న ఆశ మాత్రం ఆయనకు తీరలేదు.

విశాఖలో సినిమా చదువుకునే లిఖిత తన పరీక్ష చిత్రంలో ఆయనకు తండ్రి వేషం ఇచ్చింది. సోమవారం వీధిలో గుమ్మం ఎక్కే షాటు తీశారు. గుమ్మం దాటి లోపలికొచ్చేది గురువారం తీశారు. మధ్యలో మూడు రోజులున్నా తెర మీద అది ఒక్క అడుగేనట! మనుషులు అబద్ధాన్ని కూడా ఎంత శ్రద్ధగా కుడతారో.

తలుపులూ గోడలూ ఉండని పల్లె నాటకాల్లో నాయుడిది ఒక పద్ధతి. నన్ను ఎడమ భుజం నుంచి కుడి భుజానికి మార్చాడంటే, పాత్ర ఇంట్లోకి వచ్చినట్టు లెక్క. సోమవారం షాట్లో ఎడమ భుజం మీదున్న నన్ను, గురువారం కెమెరా తిరగకముందే అలవాటుకొద్దీ కుడికి మార్చేసుకుని నిలబడ్డాడు. నేను ఏ భుజం మీదున్నానో సోమవారం తీసిన ఫొటోతో సరిచూడాల్సిన లిఖిత ఆయన ముఖమే చూస్తూ మైమరచిపోయింది. ఆదివారం ఆయన గుండె ఆగిపోయింది.

"ఈ రెండు షాట్లూ అతకవమ్మా. మధ్యలో దగ్గరి షాటొకటి పెట్టు, లేదా సీను తీసెయ్యి" అన్నారు కాలేజీలో ఆమెకు సినిమా నేర్పే మాస్టారు. మిగతా చిత్రమంతా కనబడేది నాయుడి వీపే. ఆ సీను పోతే ఆయన ముఖమే ఉండదు.

లిఖిత బిక్కుబిక్కుమంటూ నాయుడి భార్య పైడితల్లి దగ్గరికెళ్లి ఆయన చొక్కానూ నన్నూ అడిగింది. ఎవరికో తొడిగి, భుజం వరకే తీస్తానంది.

"ఇంకెవల బుజమో దేనికమ్మా? నాను లేనేటి?" అంది ముసలమ్మ.

ఆయన చొక్కా తొడుక్కుంది. మణికట్టు మీద ఇంకా చెరగని గాజుల గుర్తులను పొడుగు చేతులు కప్పేశాయి. ముడతల చేత్తో నన్ను ఎడమ నుంచి కుడికి మార్చింది. షాటు మూడు సెకన్లు.

కాలేజీలో సినిమా వేసిన రోజు నన్ను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. అతుకు ఎవరికీ కనబడలేదు. కనబడకపోవడమే ఈ విద్యలో గెలుపట.

"కండువా ఎంత సొంపుగా మార్సుకున్నాడమ్మా ఆయన!" అంది పైడితల్లి.

"మామ్మా, అది మీ చెయ్యి" అంది లిఖిత.

"ఇంకోపాలి ఎయ్యమ్మా" అంది ముసలమ్మ.

మొదటిసారి చూసినంతసేపూ ఆయన బతికే ఉన్నాడు. రెండోసారి తన చేతిని పోల్చుకుంది. దినాలప్పుడు కూడా కన్ను తడవని మనిషి, నన్ను నోటికి అడ్డం పెట్టుకుని భోరుమంది.