ఎవరూ చూడని గోల్

పదకొండు మ్యాచ్‌లుగా గెలుపన్నది లేదు. సొంత మైదానంలో అయితే ఈ ఏడాది ఒక్కటంటే ఒక్క గోల్ కూడా పడలేదు. అయినా కోచ్‌ని తీసేయరు. క్లబ్బు యజమానులు పైపుల ఫ్యాక్టరీ నడిపే అన్నదమ్ములిద్దరు. వాళ్ళు నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుంటే తూర్పు గ్యాలరీ జనానికి ఒళ్ళు మండదా? మండింది. ఉత్తరాలు రాశారు. ఫ్యాక్టరీ గేటు ముందు ఎండలో నిలబడ్డారు. 'కోచ్ పోవాలి' అని నిలువెత్తు బ్యానర్ కట్టారు. అటునుంచి ఉలుకూ లేదు, పలుకూ లేదు.

అసలెందుకు ఉంచుకున్నట్టు? ఈ ప్రశ్న ఊరంతటి సంగతేమో గానీ వాచీలాయన బుర్రని మాత్రం తొలిచేసింది. ఆయనది బస్టాండు పక్కన గడియారాలు బాగుచేసే కొట్టు. కంటికి భూతద్దం తగిలించుకుని కూర్చుని, వచ్చిన ప్రతివాడినీ అదే అడిగేవాడు. కోచ్ వాళ్ళకి వేలు విడిచిన మేనల్లుడని ఒకడన్నాడు. వాళ్ళ గుట్టేదో అతని గుప్పిట్లో ఉందని ఇంకొకడన్నాడు. వాచీలాయన అన్నిటికీ తలూపేవాడు, దేన్నీ నమ్మేవాడు కాదు. ఏ గడియారమైనా ఎందుకు ఆగిపోయిందో తెలిసేదాకా మూత పెట్టని మనిషి మరి.

చివరికి వెన్ను చూపించే ఆలోచన చేసింది కూడా ఆయనే. ఇరవయ్యో నిమిషం నుంచి ముప్పయ్యో నిమిషం దాకా గ్యాలరీ అంతా మైదానానికి వీపు తిప్పి, నోరెత్తకుండా నిలబడాలి. వెనక్కి తిరిగి చూసినవాడు మళ్ళీ గ్యాలరీ మెట్లెక్కకూడదు. గ్యాలరీకి పెద్ద దిక్కు బేకరీ నడిపే పెద్దగొంతు. అతని అసలు పేరు అతని పెళ్ళాం కూడా మరిచిపోయి ఉంటుంది. అతను ఎగిరి గంతేసి, సమయం చూసి ఈల వేసే పని వాచీలాయనకే అప్పగించాడు. ఇంకెవరికి ఇస్తాడు? సెకను అటూ ఇటూ కానివ్వని మనిషి ఆయనొక్కడే.

ఆ శనివారం మధ్యాహ్నం సరిగ్గా ఇరవయ్యో నిమిషంలో ఈల మోగింది. రెండు వేల మంది వీపులు తిప్పారు. పడమటి గ్యాలరీ పైకప్పు పనుల కోసం మూసేసి ఉంది. యజమానులు కూర్చునే అద్దాల గది ఎప్పట్లాగే ఖాళీ. క్లబ్బు కెమెరా అతను, ఇవాళ అసలు విశేషం ఈ వీపులే కదా అని, కెమెరాని కూడా గ్యాలరీ మీదికే తిప్పాడు.

ఇరవై తొమ్మిదో నిమిషంలో వెనక ఏదో జరిగింది. ఆటగాళ్ళ కేకలు, రెఫరీ ఈల, ఎవరో ఎవరి మీదో పడ్డ చప్పుడు. రెండు వేల మెడలు బిగుసుకుపోయాయి. పెద్దగొంతు కళ్ళతోనే వాచీలాయనని బతిమాలాడు. వాచీలాయన చేతి గడియారం చూసుకున్నాడు. ఇంకా నలభై సెకన్లు ఉన్నాయి. వేరే ఎవరైనా అయితే అప్పుడే ఈల వేసేసేవారు. ఈయన వెయ్యలేదు. నలభై సెకన్లూ గడిచాక ఈల వేసి అందరూ తిరిగేసరికి, బోర్డు మీద మన పక్కన ఒకటి అని ఉంది. బంతి అప్పటికే మధ్య గీత దగ్గరికి వచ్చేసింది. ఆట ఆ ఒక్క గోల్‌తోనే ముగిసింది. గెలిచారు. గ్యాలరీ జనం నవ్వాలో ఏడవాలో తెలియక ఒకరి ముఖాలొకరు చూసుకుంటూ ఇళ్ళకి పోయారు.

వాచీలాయన మాత్రం ఇంటికి పోలేదు. ప్రతి మ్యాచ్ అయ్యాక ఆయన వెళ్ళాల్సింది అక్క దగ్గరికి. మైదానానికి రెండు వీధుల అవతల, మేడ మీద రెండు గదుల్లో ఆవిడ ఉంటుంది. ముప్పై ఏళ్ళు టైపు నేర్పిన మనిషి. పక్క గదిలో ఎవరి వేలు తప్పు అక్షరం మీద పడిందో చప్పుడుని బట్టి చెప్పేసేది. తమ్ముడికి ఏడేళ్ళప్పుడు చెయ్యి పట్టుకుని మొదటిసారి మైదానానికి తీసుకెళ్ళిందీ ఆవిడే. ఎనిమిదేళ్ళ కిందట కంటి నరాలు ఎండిపోయి చూపు పోయింది. అప్పటినుంచీ మ్యాచ్ రోజున కిటికీ తెరుచుకుని కూర్చుంటుంది. అరుపు వినిపిస్తే గోల్ పడ్డట్టు. ఆ గోల్ ఎలా పడిందో తమ్ముడు వచ్చి చెప్పాలి, ఆవిడ కళ్ళు మూసుకుని చూడాలి. లేని మాట ఒక్కటి కలిపినా పట్టేసుకుంటుంది. అందుకే ఈ ఎనిమిదేళ్ళలో ఆయన ఒక్కటీ కలపలేదు. ఆయన గొప్పగా చెప్పుకునేది ఏదైనా ఉందంటే అదొక్కటే.

లోపలికి అడుగు పెట్టీ పెట్టగానే అక్క అంది.

"కింద కూరగాయలతను చెప్పాడు, గెలిచారటగా. మరి అరుపేదిరా? నాకు చెవులు కూడా పోయాయేమోనని హడలిపోయాను."

ఏదో ఒక గోల్ అల్లేద్దామా అని ఆయనకి ఒక్క క్షణం అనిపించిన మాట నిజం. ఎడమ పక్కనుంచి పాస్, తలతో ఒక్క పోటు, ఎవరు కాదంటారు? అక్క కళ్ళు మూసుకుని, గడ్డం కాస్త పైకెత్తి, ఎప్పట్లాగే సిద్ధంగా కూర్చుని ఉంది. ఆయన అల్లలేకపోయాడు. చూడలేదని, ఎందుకు చూడలేదో కూడా చెప్పేశాడు.

ఆవిడ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. కళ్ళు తెరిచింది.

"నాకు కళ్ళు లేక చూడను. నువ్వు ఉండి తిప్పుకున్నావా? సరే, రెండు వేల మందిలో చూసినవాడు ఒక్కడైనా ఉండకపోడు. కనుక్కుని రా. ఏడాదికొక్క గోల్, అది కూడా నాకు దక్కకపోతే ఎలాగరా?"

ఆదివారం కొట్టు తీయలేదు. పొద్దున్నే సైకిలేసుకుని బయల్దేరాడు. ముందు గోల్ కొట్టినవాడి ఇంటికే వెళ్ళాడు. వాడు ఆరడుగుల పైన ఉంటాడు, అందరూ నిచ్చెన అంటారు. వాడు తల గోక్కుని, నేను కింద పడుతున్నానండీ, మోకాలికేదో తగిలింది, లేచి చూసేసరికి అందరూ నా మీదున్నారు అన్నాడు. లైన్ దగ్గర జెండా పట్టుకున్నతను ఆటగాళ్ళ పాదాలు చూస్తున్నాడట, బంతి చూడలేదు. మన గోల్‌కీపర్ అవతలి కొసన నీళ్ళు తాగుతున్నాడట. మిగతా ఆటగాళ్ళకి తలా ఒక ముక్కే గుర్తుంది. అలా తిరిగీ తిరిగీ తలప్రాణం తోకకొచ్చింది. వదిలిపెట్టి వచ్చేస్తుంటే గోల్‌కీపరే వెనక్కి పిలిచి ఒక మాట చెప్పాడు. గోల్ పడగానే బెంచీ మీదున్నవాళ్ళంతా పరుగెత్తారట, కోచ్ ఒక్కడే కదలకుండా నిలబడి చూస్తూ ఉండిపోయాడట.

'కోచ్ పోవాలి' అన్న బ్యానర్ మీద అక్షరాలు గీసింది ఎవరనుకున్నారు? వాచీలాయనే. గడియారం ముఖం మీద అంకెలు దిద్దినంత ముచ్చటగా దిద్దాడు. ఇప్పుడు ఏ ముఖం పెట్టుకుని వెళ్ళాలి? ఆ రాత్రి మంచం మీద అటు దొర్లాడు, ఇటు దొర్లాడు. ఎటు దొర్లినా గడ్డం పైకెత్తి కూర్చున్న అక్కే కనిపించింది.

సోమవారం ప్రాక్టీసు అయ్యాక వెళ్ళాడు. కోచ్ ఒక్కడే ప్రాక్టీసుకి గుర్తులుగా పెట్టిన ప్లాస్టిక్ శంకువులు ఏరి సంచీలో వేసుకుంటున్నాడు. నలభై అయిదేళ్ళు ఉంటాయి, నిద్రలేని కళ్ళు. వాచీలాయన తనెవరో, బ్యానర్ ఎవరు రాశారో ముందే చెప్పేశాడు. తర్వాత అక్క సంగతి చెప్పాడు. కోచ్ అంతా విని, సంచీ మూతి బిగించి, అక్షరాలు బాగున్నాయండీ అన్నాడు. అది వెటకారమో నిజమో వాచీలాయనకి ఇప్పటికీ తెలియదు. తర్వాత, మీరు చెప్తే మళ్ళీ మీ నోటిమాటే అవుతుంది, నేనే వచ్చి చెప్తానన్నాడు.

సాయంత్రం అయిదింటికి అక్క ఇంట్లో పేము కుర్చీలో కూర్చున్నాడు కోచ్. అక్క టీ ఇచ్చింది. కళ్ళు మూసుకుంది. అతను మొదలుపెట్టాడు.

చెప్పొద్దూ, వాచీలాయనకి మొదట ఏమీ అర్థం కాలేదు. బంతి ఎడమ పక్క గీత దగ్గర ఉందట, కోచ్ దాన్ని అక్కడే వదిలేసి ఎక్కడో కుడి పక్కన ఉన్న బక్కోడి గురించి చెప్పడం మొదలుపెట్టాడు. బక్కోడంటే మన కుడివైపు డిఫెండర్. గ్యాలరీ మొత్తం అందరికంటే ఎక్కువగా తిట్టేది వాణ్ణే, పనిలేకుండా ఊరికే పరుగెడతాడని. వాడు మన సగంలోంచి బయల్దేరాడట. వాడి దగ్గర బంతి లేదు, వాడికి వచ్చే దారీ లేదు. అయినా ప్రాణం పోతున్నట్టు కుడి మూలకి పరుగెత్తాడట. వాడి వెంట అవతలివాళ్ళు ఇద్దరు కదిలారు. వాళ్ళు కదిలేసరికి గోల్ ముందర మంచం పట్టేంత ఖాళీ ఏర్పడింది. బంతి వచ్చి పడింది ఆ మంచం మీదే. నిచ్చెన అందుకోబోయి జారాడు, మోకాలికి తగిలి, కీపర్ కాళ్ళ సందులోంచి లోపలికి పోయింది.

"అప్పుడు ఆ బక్కబ్బాయి ఎక్కడున్నాడు?" అంది అక్క, కళ్ళు తెరవకుండానే.

"గీత దాటి వెళ్ళిపోయి, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని ఆయాసపడుతున్నాడండీ. వీపు ఇటే ఉంది. గోల్ వాడూ చూడలేదు."

అక్క ముఖం విప్పారింది. ఎనిమిదేళ్ళలో అలాంటి ముఖం వాచీలాయన చూడలేదు. ఆవిడ చేతులు చాచి గాల్లోనే ఆ ఖాళీని కొలిచింది, ఇక్కడ ఇద్దరు, ఇక్కడ ఒకడు అంటూ.

"ఎన్నాళ్ళనుంచి పరుగెడుతున్నాడు బాబూ, అలా?"

"పదకొండు మ్యాచ్‌లనుంచండీ. ఆ ఖాళీలోకి బంతి ఎవరూ వెయ్యలేదు, అంతే."

అక్క తమ్ముడి వైపు తిరిగింది. గొంతులో కోపం లేదు, ఆశ్చర్యమే.

"ఒరేయ్, పదకొండు మ్యాచ్‌లు పరుగెత్తాడటరా. నువ్వొక్కసారి కూడా చెప్పలేదే."

వాచీలాయన ముఖం మాడిపోయింది. తను చెప్పలేదంటే దాచి కాదు, చూడక. యాభై ఏళ్ళుగా మైదానానికి వెళ్తున్నాడు, బంతి ఎటుపోతే కళ్ళు అటుపోయాయి. అక్కకి ఎనిమిదేళ్ళుగా చూపించింది బంతి ఒక్కటే. మిగిలిన మైదానమంతా ఆవిడకి చీకటే. ఒక్క అబద్ధం కలపలేదని మురిసిపోయాడు గానీ ఎంత వదిలేశాడో ఇవాళ తెలిసింది. సిగ్గేసింది. ఏడుపు కూడా వచ్చింది, కానీ కోచ్ ముందు ఎలా ఏడుస్తాడు?

అక్కే మాట మార్చింది. పదకొండు మ్యాచ్‌లకొక గోల్ అయితే అదేం పద్ధతి బాబూ, ఇంతకీ నిన్నెందుకు ఉంచుకున్నారు అని నిర్మొహమాటంగా అడిగేసింది. ఊరంతా కొట్టుకు చస్తున్న ప్రశ్న. వాచీలాయన కుర్చీ అంచుకి జరిగాడు.

కోచ్ నవ్వేశాడు. అద్దాల గదిలో నడిమి కుర్చీలో ఎవరు కూర్చోవాలని అన్నదమ్ములకి నాలుగు నెలల కిందట మాటా మాటా పెరిగిందట. అప్పటినుంచీ పలకరింపుల్లేవు. నన్ను తీసెయ్యాలంటే ఇద్దరూ సంతకం పెట్టాలి, పెద్దాయన తీసేద్దామంటే చిన్నాయన ఉంచాలంటాడు, చిన్నాయన తీసేద్దామంటే పెద్దాయన అడ్డం తిరుగుతాడు అన్నాడు. తను రెండుసార్లు రాజీనామా ఇచ్చాడట. దాని మీదా రెండు సంతకాలు కావాలట.

గుట్టూ లేదు, మేనల్లుడూ లేదు. ఒక కుర్చీ! దీనికోసం రెండు వేల మంది వీపులు తిప్పారు.

పెద్దగొంతుకి ఈ సంగతి చెబితే ముందు పళ్ళు కొరికాడు, తర్వాత పొట్ట చెక్కలయ్యేలా నవ్వాడు. కానీ నిరసన మానేది లేదన్నాడు, వచ్చే శనివారం కూడా వీపులే అన్నాడు. కోచ్ పోవాలన్న మాటలో మార్పు లేదని వాచీలాయన కూడా ఒప్పుకున్నాడు. ఒప్పుకుని, ఈలా, గడియారమూ తీసి పెద్దగొంతు చేతిలో పెట్టాడు.

"నేను తిరగను. మెట్లు దిగమంటే దిగి గోడ పక్కన నిలబడతాను. మా అక్కకి చెప్పుకోవాలి."

పెద్దగొంతు ఏమంటాడు? చూసీ చూడనట్టు ఊరుకున్నాడు. శనివారం ఇరవయ్యో నిమిషంలో ఈల మోగింది, గ్యాలరీ తిరిగింది. వాచీలాయన ఒక్కడే మైదానం వైపు ముఖం పెట్టి నిలబడ్డాడు. బంతిని చూడకుండా ఉండటం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. కళ్ళు జారిపోతుంటే పట్టి లాక్కొచ్చి బక్కోడి మీద పెట్టాడు. రెండు నిమిషాలు గడిచాయో లేదో, పక్కన వీపు తిప్పి నిలబడ్డ పెద్దగొంతు పెదవి కదపకుండా గొణిగాడు, "ఏమవుతోందయ్యా?" అని. వాచీలాయన చెప్పడం మొదలుపెట్టాడు. వెనక వరస వినపడలేదని గోల చేసింది, గొంతు పెంచాడు. ముప్పయ్యో నిమిషం దాకా రెండు వేల వీపులకి ఆటంతా చెప్పాడు.

ఆ రోజు రెండు గోల్స్ తేడాతో ఓడిపోయారు. సాయంత్రం మేడ మెట్లు ఎక్కేసరికి అక్క కిటికీ మూసేస్తోంది.

"అరుపు లేదు. గోల్ పడలేదుగా?"

"లేదక్కా."

"అయితే టీ తాగి వెళ్ళు. చెప్పడానికేముంది?"

ఆయన కిటికీ మళ్ళీ తెరిచాడు. కుర్చీ లాక్కుని ఆవిడ ఎదురుగా కూర్చున్నాడు.

"బక్కోడు పద్నాలుగుసార్లు పరుగెత్తాడు. ఒక్కసారి కూడా ఎవరూ బంతి వెయ్యలేదు. పద్నాలుగూ చెప్తాను, కళ్ళు మూసుకో."