ఉత్తరపు ట్యాంకు నీళ్లు

లేదు, ఆ ముసలావిడ తలుపు తీయకూడదు, తీస్తే కథ అక్కడికక్కడే చప్పబడిపోతుంది, తలుపు వెనక నిలబడి వింటూ ఉండాలి, అంతే, అనుకుంటూ ఆమె చేతులకు తొడుగులు వేసుకుంది, ఎడమది బొటనవేలి దగ్గర పుటుక్కున చిరిగింది, ఇంకోటి తీసుకుంది, బస్సులో దొరికిన వాక్యం నాలుక చివరే ఉంది, మధ్యాహ్నం అన్నం డబ్బా తెరిచేదాకా జారిపోకుండా ఉంటే చాలు, ఊరంతా తాగే నీళ్లు పరీక్ష చేసే ఉద్యోగం, మధ్యలో నీకీ కథలేంటే అని అమ్మ అడిగినప్పుడల్లా, దేని వేళ దానిదే అమ్మా అని నవ్వేసేది, పగలు ల్యాబుకు, బస్సూ భోజనమూ ఆదివారమూ కథకు, ఇన్నేళ్లలో ఒకదాని కాలు ఇంకోదానికి తగల్లేదని లోలోపల కాస్త గర్వం కూడా, ఇంతలో జేబులో ఫోను వణికింది, భర్త, ఈ వేళప్పుడు చేయడే, పాపను స్కూల్నుంచి తీసుకొచ్చేశాను, వాంతులు, కంగారుపడకు, క్లాసులో సగం మందికి అలాగే ఉందట, అన్నాడు, ఏం తిన్నారట, అంది, తిన్నది ఎవరి డబ్బా వాళ్లు, తాగింది మాత్రం అందరూ ఒకే కుళాయి, అని అతను వాన పడేలా ఉంది అన్నంత మామూలుగా అన్నాడు.

స్కూలు కుళాయికి ఉత్తరపు ట్యాంకు నుంచే నీళ్లొస్తాయి, ఆ ట్యాంకు నీళ్లను గురువారం వడగట్టి, ప్లేటులో వేసి వెచ్చని పెట్టెలో పెట్టింది తనే, శుక్రవారం చూసి బాగున్నాయని సంతకం పెట్టిందీ తనే, క్రిములుంటే తెల్లారేసరికి ప్లేటు మీద ఆకుపచ్చగా మెరిసే చుక్కలు మొలుస్తాయి, ఒక్కటీ మొలవలేదు, కళ్లకు కట్టినట్టుంది, మూత లోపల సన్నటి చెమ్మ, కిటికీలోంచి ఏటవాలుగా పడిన ఎండలో నున్నగా మెరిసిన ఖాళీ ప్లేటు, హమ్మయ్య, ఇంకేదో అయి ఉంటుంది, అనుకుని పక్కగదిలోకి అడుగుపెట్టి, వెచ్చని పెట్టె ముందు ఆగిపోయింది, నాలుగు గోడలూ ట్యూబులైటూ తప్ప ఏమీ లేవు, ఈ గదికి కిటికీ ఎక్కడిది.

కిటికీ తన కథలో ముసలావిడది, ఎండా ఆవిడదే, శుక్రవారం పొద్దున్నే కదా కథ మలుపు తట్టింది, చదివేవాళ్లు నమ్మరేమో అనిపించిన చోటల్లా కాస్త వెలుగూ కాస్త చెమ్మా పూయడం తనకు చేతనైన విద్యే, ఆ పూత తన కళ్లకు తనే పూసుకుందా, ప్లేట్లు కడిగే ఆవిడ, అందరూ పెద్దమ్మ అని పిలిచే మనిషి, గాజుసీసాలు తుడుస్తూ కనిపించింది, పెద్దమ్మా, శుక్రవారం ప్లేట్లున్నాయా, శనివారమే ఉడకబెట్టి పారేశాం కదమ్మా, నువ్వు సంతకం పెట్టాకే, ఏం, అంది ఆవిడ, ఏం లేదు, నేను వాటిని పెట్టెలోంచి తీసి చూడటం నువ్వు చూశావా, ఆవిడ నవ్వింది, ఏమో తల్లీ, ఆవేళ రెండుసార్లు పిలిచినా పలకలేదు, ముసలావిడ తీయకూడదు, ముసలావిడ తీయకూడదు అని గొణుక్కుంటున్నావు, నన్నే అంటున్నావేమోనని ఆ ప్లేట్ల జోలికే రాలేదు, అయినా నువ్వు చూశానని రాశాక చూడకుండా ఉంటావా, అంది, ఆ నమ్మకం వీపు మీద చల్లటి చేయి వేసినట్టుంది.

ల్యాబు పెద్దసారు కళ్లద్దాలు తుడుచుకుంటూ స్కూలు సంగతి విన్నాడు, పిల్లలకు వాంతులు సవాలక్ష కారణాలకు అవుతాయమ్మా, ఇవాళ మళ్లీ నీళ్లు పట్టి పరీక్షకు పెట్టు, రేపు తేలుతుంది, ఈలోగా ట్యాంకు మూయించామంటే ఊరు గగ్గోలెత్తిపోతుంది, రిపోర్టు నిక్షేపంగా ఉంది, నువ్వు కళ్లారా చూశావు కదా, ఆ ఒక్క మాట చెప్పు, మిగతాది నేను చూసుకుంటాను, అన్నాడు, చూశాను అనడం ఎంత తేలిక, ప్లేటు ఇప్పుడూ కళ్లముందే ఉంది, పైగా ఇందాకటికంటే అందంగా, అంచున చిన్న పెచ్చు ఊడి, ఆ పెచ్చు ఇందాక లేదు, ఇప్పుడే వచ్చింది, అడిగేకొద్దీ మనసు ఇంకా ఇంకా తెచ్చిపెడుతోంది, రేపు తేలేలోగా ఎన్ని ఇళ్లలో ఎన్ని గ్లాసులు, చూడలేదు సార్, ట్యాంకు మూయించండి, అంది, ఆయన చేతిలో గుడ్డ ఆగింది, చూడకుండానే సంతకం పెట్టావా, ఉద్యోగం పోయే మాట అది, ఖచ్చితంగా చెప్తున్నావా, ఖచ్చితంగా చెప్పలేను సార్, అందుకే మూయించమంటున్నాను, ఆయన గుడ్డ బల్ల మీద పడేసి, ట్యాంకు వాళ్లకు చెప్పడానికి ఫోను అందుకున్నాడు, అవతల మోగుతోంది, ఎవరూ ఎత్తడం లేదు, ఇంటికి వెళ్లాలి, పాప ఎలా ఉందో, పొద్దున్న గుమ్మంలో నిలబడి చెయ్యి ఊపింది, జడకు కట్టిన రిబ్బను ఒకవైపు జారి, నోటి పక్కన పాల మరక, నవ్వు, ఎంత స్పష్టంగా గుర్తుందంటే, అంత స్పష్టంగా ఉన్నందుకే, పాప నిజంగా చెయ్యి ఊపిందని నమ్మడానికి ఆమెకు ధైర్యం చాలలేదు.