ఐదు వేల కార్డు, పిడికెడు నూకలు

డోర్నకల్‌లో రేణుక గిర్ని అనగానే జనానికి రెండు సంగతులు గుర్తొస్తాయి. పిండి మెత్తగా పడుతుంది. మంగళ, శుక్రవారాల్లో అటువైపు పోతే తుమ్ములు ఆగవు. ఆ రెండు రోజులూ మిరపకాయలు పడతారు మరి. ఉన్నది ఒకే మిషను. కారం పట్టిన మిషన్లో వెంటనే జొన్నలు పోస్తే, ఆ రొట్టె తిన్నవాడు నీళ్ళ బిందె పక్కనే కాపురం పెట్టాల్సి వస్తుంది. పోయినేడు రేణుక మొగుడు యుగేందర్ అట్లా ఒక పూటంతా కాపురం పెట్టాడు.

కారానికి విడిగా ఇంకో మిషను కొనాలని రేణుకకు మూడేళ్ళ నుంచీ ఆశ. ఇప్పుడది ఆశ దాటి అవసరమైంది. స్టేషను అవతల ఎవరో రెండు మిషన్ల గిర్ని పెడుతున్నారు, షెడ్డుకు రేకులు కూడా పడ్డాయి. మిరప సీజను నాటికి తన రెండో మిషను రాకపోతే సగం గిరాకీ పట్టాలు దాటి అటు పోతుంది. మిషను రెండు లక్షల పైమాటే, బ్యాంకు లోను తప్ప దారి లేదు. లోను కావాలంటే బ్యాంకు వాళ్ళు చూసే క్రెడిట్ స్కోరు బాగుండాలి. ఆ స్కోరును ఒక ఫ్రిజ్ చంపేసింది.

నాలుగేళ్ళ కిందట యుగేందర్ రేణుక పేరు మీద కిస్తీలకు ఫ్రిజ్ తెచ్చాడు. మూడో నెలలో అది చల్లబరచడం మానేసింది. యుగేందర్ వృత్తికి ఆటో డ్రైవరే గానీ న్యాయం దగ్గరికొచ్చేసరికి సాక్షాత్తు జడ్జి.

"సచ్చిన ఫ్రిజ్‌కు కిస్తీ ఎట్ల కడ్తరే? పీనుగకు జీతమిస్తరా ఎవలన్న?" అని తీర్పిచ్చి కట్టడం ఆపేశాడు.

ఫ్రిజ్ అమ్మింది దుకాణం వాడనీ, డబ్బిచ్చింది ఫైనాన్స్ వాళ్ళనీ, వాళ్ళకు ఫ్రిజ్ బతికినా చచ్చినా ఒకటేననీ ఆయనకు అర్థమయ్యేసరికి ఏడాది దాటింది. వడ్డీతో సహా పైసా మిగల్చకుండా రేణుకే కట్టింది. ఫ్రిజ్ ఇప్పుడు వంటింట్లో పప్పుల బీరువా. పురుగు పట్టదని అత్త గట్టమ్మ దాన్ని వచ్చిన వాళ్ళందరి దగ్గరా మెచ్చుకుంటుంది.

బాకీ పోయింది గానీ మచ్చ పోలేదు. లోను అడగబోతే బ్యాంకు మేడం తనూజ తల అడ్డంగా ఊపింది. జాలిపడి ఒక ఉపాయం మాత్రం చెప్పింది. ఆరు వేలు డిపాజిట్ చేస్తే దాని మీద ఐదు వేల లిమిట్‌తో క్రెడిట్ కార్డు ఇస్తారు. నెలనెలా ఏదో చిన్న ఖర్చు దాని మీద పెట్టాలి, పదిహేను వందలు దాటొద్దు, గడువు లోపల మొత్తం కట్టెయ్యాలి. రేణుక పద్నాలుగు నెలలు తు.చ. తప్పకుండా అలాగే చేసింది. ఒక నెల గిర్ని బెల్టు, ఒక నెల ఆటోకు డీజిల్. ఐదొందల ఎనభై ఉన్న స్కోరు ఏడొందల పది దాకా పాక్కుంటూ వచ్చింది. ఏడొందల ముప్పై దాటితే ఫైలు పైకి పంపుతానని తనూజ మాటిచ్చింది.

సరిగ్గా అప్పుడే యుగేందర్ ఇజ్జత్‌కు దెబ్బ తగిలింది. బావమరిది బలరాంను వెంటేసుకొని మానుకోటలో చుట్టాల పెండ్లికి బట్టలు కొనబోయాడు. బిల్లు ఆరు వేల రెండొందలు. పెండ్లాం దగ్గర అడిగి తెచ్చుకున్న కార్డును జమీందారులా తీసి ఇచ్చాడు. మిషను కుయ్యిమంది. "లిమిట్ ఐదు వేలేనట సార్" అన్నాడు కౌంటరు వాడు, దుకాణమంతా వినపడేలా. బలరాం నవ్వు ఆపుకోలేకపోయాడు. పైగా తన జేబులోంచి డబ్బు తీసి కట్టాడు, నవ్వు కంటే అది ఎక్కువ మండింది.

దాని మర్నాడే ఫోను. తేనె పూసిన గొంతుతో ఒక అమ్మాయి, రేణుక పేరు మీద యాభై వేల లిమిట్ కార్డు ఇప్పిస్తానంది.

"ఇనవడ్డదా? యాభై వేలు!" అన్నాడు యుగేందర్. "గీ పిల్లల బొమ్మ కార్డు బంద్ జేద్దాం. మన ఆరు వేలు మనకొస్తయ్. ఆటో టైర్లు గుండు లెక్క అయినయ్, కొత్తయి ఏసుకుంట."

"మేడంను ఒక్క మాట అడుగుదామయ్యా."

"మేడంకేం? ఆమెను నవ్విండ్రా బలరాంగాళ్ళు?"

రేణుకకు రెండు వైపులా న్యాయమే కనిపించింది. టైర్ల సంగతి నిజమే, వాన పడితే ఆటో పక్కకు జారుతోంది. మొగుణ్ణి చూసి నలుగురు నవ్వితే తనకూ అవమానమే. యాభై వేలన్న మాట చెవికి ఇంపుగానే ఉంది, అబద్ధమెందుకు. పొద్దున యుగేందర్ కార్డు జేబులో వేసుకొని బ్యాంకుకు బయలుదేరితే ఆపలేకపోయింది.

అది శుక్రవారం. బస్తా మిరపకాయలు పట్టడం అయిపోయే వేళకు తండాలో ఉండే నీలి ఒక జొన్నల మూటతో పరుగున వచ్చింది.

"అక్కా, ఇంటికి చుట్టాలొచ్చిండ్రు. జర పట్టియ్యే, నీ కాళ్ళు మొక్కుత."

శుక్రవారం జొన్నలా అని రేణుక కసిరేదే గానీ, నీలి మొహం చూసి మనసొప్పలేదు. గట్టమ్మ అప్పటికే నూకల గంప లాక్కొని కూర్చుంది. కారం పట్టిన మిషనును కడిగే పద్ధతి ఒకటే, నూకలు పోసి ఆడించడం. ముసలమ్మ ఒక పిడికెడు పోసింది. ఎర్రగా వచ్చింది. ఇంకో పిడికెడు. కొంచెం తక్కువ ఎరుపు.

రేణుక మనసు బ్యాంకులో ఉంది. "గంపంత ఒక్కసారి గుమ్మరిస్తే అయిపాయె గద అత్తమ్మా!"

"గుమ్మరియ్యి, నూకలు నూకలొలె జారిపోతయ్, కారం కారమొలె ఆడనే కూసుంటది," అంది గట్టమ్మ తల ఎత్తకుండానే. "పిడికెడు పిడికెడు ఏస్తేనే అంచులల్ల ఉన్నది ఊడొస్తది."

ఆరో పిడికెడు తెల్లగానే వచ్చింది. రేణుక చిటికెడు తీసి నాలుక మీద వేసుకుంది. చివర్న చురుక్కుమంది.

"ఇగ చాలు తియ్యక్కా, గంత కారం మేం తింటం," అంది నీలి, పొద్దు చూసుకుంటూ.

"ఏం చాలు? ఇంకో మూడు పిడికిళ్ళు వడాలె," అంది ముసలమ్మ. "గిప్పుడు ఆపితే ఇంతకుముందు ఏసిన ఆరు దండుగ."

రేణుక చేతిలో చేట అలాగే ఉండిపోయింది. పద్నాలుగు నెలలు తాను వేసింది ఏమిటి? బెల్టు ఒక పిడికెడు, డీజిల్ ఒక పిడికెడు. ఇంకొంచెంలో తెల్లబడబోతుంటే మొగుడు మిషను ఆపడానికి పోయాడు.

"అత్తమ్మా, జొన్నలు నువ్వే పట్టు!" అని చేట పడేసి, చేతులైనా కడుక్కోకుండా బ్యాంకు దారి పట్టింది.

బ్యాంకులో యుగేందర్ తనూజ ముందు కుర్చీలో ఉన్నాడు. బల్ల మీద ఫారం, ఫారం మీద కార్డు. రేణుక సంతకం లేక వ్యవహారం మాత్రం అంగుళం కదల్లేదు.

"పెండ్లాం కార్డు మొగడు బంద్ జేపియ్యొద్దా మేడం? ఆమె పేరు మీద ఫ్రిజ్ దెచ్చింది నేనే గద!"

"అసలు పంచాయితి ఆడనే మొదలైందన్నా," అంది తనూజ.

అప్పుడొచ్చింది రేణుక, కొంగు నిండా కారంతో. లైన్లో నిలబడ్డ రైల్వే పెన్షనర్లు వరసగా తుమ్మారు. క్యాషియరు కూడా తుమ్మి, లెక్క తప్పి, నోట్ల కట్టను మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టాడు.

తనూజ ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకొనే చెప్పింది. "బంద్ చేసుకునుడు నీ ఇష్టం రేణుకా. ఆరు వేలు వారంల పడ్తయ్. కానీ నీ పేరు మీద సక్కగ నడుస్తున్నది గిదొక్కటే. యాభై వేలది వాళ్ళు ఇస్తరో ఇయ్యరో తెల్వది. అడిగినట్టు మాత్రం నీ రికార్డుల పడ్తది. లోనుకు ముందర గది మంచిగుండదు."

యుగేందర్ పెన్ను రేణుక ముందుకు జరిపాడు. ఆయన మొహంలో ఇంకా మానుకోట దుకాణమే కనబడుతోంది. రేణుకకు జాలేసింది, దాంతోపాటు కోపమూ వచ్చింది.

"ఏమయ్యా, పోయినేడు ఆరు పిడికిళ్ళ నూకలకే చాలు, జొన్నలు పొయ్యమన్నదెవలు?"

యుగేందర్ అటూ ఇటూ చూశాడు. "నేనే."

"ఆ రొట్టె ఎవలు తిన్నరు?"

"నేనే తింటి."

"ఎన్ని చెంబుల నీళ్ళు తాగినవ్?"

పెన్షనర్లు తుమ్మడం మాని వింటున్నారు. యుగేందర్ గొంతు తగ్గించి, "పదకొండు," అన్నాడు.

"గిది గూడ గంతే. ఫ్రిజ్ కారం ఇంకా పోలే. నేను ఒక్కొక్క పిడికెడు ఏసుకుంట వస్తున్న. మధ్యల ఆపకు." కారం అంటిన చేత్తోనే రేణుక కార్డును ఆయన ముందుకు జరిపింది. "నిన్ను నవ్విండ్రని నాకు మాత్రం బాధ లేదా?"

యుగేందర్ పెన్నుకు మూత పెట్టాడు. "మరి టైర్లు?"

"ఈ నెల ముందుది, వచ్చే నెల ఎనుకదొకటి, ఆ పై నెల ఇంకోటి. కార్డు మీదనే, పదిహేను వందలు దాటకుంట."

ఆయన తనూజ వైపు తిరిగాడు. "ఇంక ఎన్ని పిడికిళ్ళు పడ్తయ్ మేడం?"

"మూడో నాలుగో నెలలన్నా."

యుగేందర్ ఫారాన్ని నాలుగు మడతలు పెట్టి, దానితోనే కార్డుకు అంటిన కారం తుడిచి, పెండ్లాం చేతికిచ్చాడు.

స్కోరు ఏడొందల ముప్పై దాటి, లోను మంజూరై, మాఘమాసంలో రెండో మిషను దిగింది. స్టేషను అవతలి గిర్ని అంతకు పది రోజుల ముందే తెరిచారు, తెరవనీ. శుక్రవారం నాడు కొత్త మిషన్లో మిరపకాయలు, పాత మిషన్లో నీలి తెచ్చిన జొన్నలు ఒకేసారి ఆడాయి. అలవాటు కొద్దీ రేణుక చిటికెడు పిండి నాలుక మీద వేసుకుంది. ఉత్త జొన్న రుచి. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, అది కారం వల్ల కాదు.

ఫోనుకు మెసేజీ వస్తే యుగేందర్ బయటికి చదివాడు. బాకీలు వేళకు కట్టినందుకు ఐదు వేల కార్డును పాతిక వేలకు పెంచుతారట, సరేనంటే చాలట. చదివి, ఫోను పెండ్లాం ముందు పెట్టాడు.

"ఏం జేద్దాం మరి?" అంది రేణుక. ఈసారి నిజంగానే ఆయన్నే అడిగింది.

ఆయన వంటింటి వైపు చూశాడు. తలుపు సందులోంచి కందిపప్పు నిండిన ఫ్రిజ్ తెల్లగా కనిపిస్తోంది.

"గట్లనే ఉండనీయే," అన్నాడు. "పాతిక వేలు జూస్తే నేను మల్లొక ఫ్రిజ్ దెస్త."