గుర్రాల బయల్లో గెలుపమ్మ

నాకు కోపం ఎక్కువని ఇంట్లోనూ ఆఫీసులోనూ పేరు. అది కోపం కాదు, కొలత. ముప్పై నాలుగేళ్ళు సర్వేయరు ఉద్యోగం చేసినవాడి ముందు ఎవరైనా "సుమారుగా" అంటే ఒళ్ళు మండకుండా ఎలా ఉంటుంది చెప్పండి. పొలం గట్టు సుమారుగా ఉంటే అన్నదమ్ములు సుమారుగా తలలు పగలగొట్టుకోరు, సరిగ్గానే పగలగొట్టుకుంటారు. అందుకే రిటైరయ్యాక కూడా నేను అంగుళం తగ్గలేదు.

అలాంటి ఆదికేశవుల్ని, అంటే నన్ను, పుస్తకం రాయమని అడిగింది లోహిత. చిత్తూరులో జిల్లా ఆఫీసులో పర్యాటకం పనులు చూసే అమ్మాయి. గుర్రాల బయలు చూడవచ్చేవారి కోసం పదహారు పేజీల మార్గదర్శిని కావాలట. ఆ బయలు సర్వే నంబర్లు నోటికి వచ్చినవాణ్ణి జిల్లా మొత్తం మీద నేనొక్కణ్ణేనట. అంతగా పొగిడాక కాదనడానికి నేనేమన్నా ఋషినా? సరేనన్నాను.

గుర్రాల బయలు మీకు తెలియకపోతే చెబుతాను. చిత్తూరు బస్టాండులో పెనుమూరు బస్సెక్కి, మామిడి మండీలు దాటాక నాలుగో స్టాపులో దిగాలి. తోటల మధ్య డెబ్భై ఒక్క ఎకరాల ముప్పై సెంట్ల పోరంబోకు. దొరల కాలంలో కలెక్టరూ జడ్జీ, ఆర్కాటు నుంచి వచ్చే మిలిటరీ వాళ్ళూ అక్కడ గుర్రప్పందేలు ఆడేవారు. గుర్రాలు పరుగెత్తిన బాట గుండ్రంగా సరిగ్గా ఒక మైలు. నేనే కొలిచాను. ఇప్పుడు అందులో ఆవులు మేస్తాయి, పిల్లలు క్రికెట్ ఆడతారు, ఆడవాళ్ళు స్కూటీ నేర్చుకుంటారు.

బయలుకు దక్షిణం కొసన నడుమెత్తు రాయి ఒకటి ఉంది. అదే గెలుపమ్మ. గెలిచే గుర్రం ఆ రాయి దగ్గరే గెలిచేదని, అందుకని అందులో గెలుపు ఉందని జనం నమ్మకం. పసుపు పూసి, కుంకుమ పెట్టి, చీర చుట్టి నూటయాభై ఏళ్ళుగా మొక్కుతున్నారు. కోర్టు వాయిదాకు ముందు, పరీక్షకు ముందు, సర్పంచి ఎన్నికలకు ముందు అందరూ అక్కడికే. అక్కడొక పద్ధతి ఉంది. గెలుపమ్మ దగ్గరికి నడిచిపోకూడదు. చివరి పది అడుగులైనా పరుగెత్తి, చేత్తో రాయిని తాకాలి. నల్లకోటు వేసుకున్న పెద్ద ప్లీడరొకాయన బొజ్జ ఊపుకుంటూ పరుగెత్తడం నేను కళ్ళారా చూశాను. ఆయన మీద నాకు గౌరవం పెరిగిందే కానీ తగ్గలేదు.

రాయి పక్కనే టార్పాలిన్ కింద అక్కమ్మ కూర్చుంటుంది. ఆమెకు నా వయసే, అరవై దాటాయి. పూలు, కర్పూరం, ఆకు దొన్నెల్లో ఉలవ గుగ్గిళ్ళు అమ్ముతుంది. గుర్రాలు తినేవి ఉలవలు కాబట్టి ఆ తల్లికి ప్రసాదం కూడా ఉలవలే. ఆమెకు ముందు ఆమె అత్త అక్కడే కూర్చునేది, అత్తకు ముందు అత్త వాళ్ళవ్వ. నన్ను చూస్తే చాలు అక్కమ్మకు వేళాకోళం. నేను పరుగెత్తి మొక్కింది లేదు కాబట్టి, సర్వేయరప్ప మోకాళ్ళలో రేషను నూనె అయిపోయిందని వచ్చినవాళ్ళందరికీ చెప్పేది. రాయి రాయే, దానికి మొక్కేదేమిటని నేను. గుగ్గిళ్ళు మాత్రం తినేవాణ్ణి.

లోహిత పట్టుకొచ్చిన ప్లాను ప్రకారం గెలుపు రాయి దగ్గర, అంటే గెలుపమ్మ దగ్గర, ఒక షెడ్డు, ఒక కొళాయి, ఒక్క అంగడికి చోటు వస్తాయి. మిగతా బయలు చుట్టూ కంచె. కంచె లోపల ఇంకెక్కడా అంగడి పెట్టకూడదు. ఈ కబురు అక్కమ్మకు నేనే చేరవేశాను. ఆమె ముఖం ఎంత వెలిగిందో చెప్పలేను. ముప్పై ఏళ్ళుగా పక్క తోట మోటారు దగ్గర్నుంచి బిందెలు మోస్తున్న మనిషి. కొళాయి ఎటువైపు వస్తుంది, ఎన్నడు వస్తుందని నన్ను పదిసార్లు అడిగింది. నాకూ సంతోషంగానే ఉండింది.

అంతలో చెన్నై రికార్డాఫీసు నుంచి బయలు పాత పటం నకలు వచ్చింది. దాన్ని తెప్పించమని లోహిత ప్రాణం తీసినవాణ్ణి నేనే. పటం లేకుండా నేను ఒక్క అక్షరం రాయనన్నాను. రెండు కాగితాలు. ఒకటి పటం, రెండోది పందేల నిబంధనలు. సర్వేయరుకు పటం చాలు, రెండో కాగితం పక్కన పడేశాను. పటంలో బాట పక్కన రెండు రాళ్ళు గుర్తించి ఉన్నాయి. ఒకటి గెలుపు రాయి. దానికి ఇంకా ముందు, గుర్రాలు వచ్చే దారిలో, డిస్టెన్సు రాయి అని ఇంకొకటి. దూరం చెప్పే మైలురాయి లాంటిది కాబోలని నేను పట్టించుకోలేదు. ముందు కొలవాలి.

నా దగ్గర కొలత గొలుసు పట్టే చైన్‌మన్‌గా పనిచేసి నాతోపాటే రిటైరైన మురుగేష్‌ను నగరి నుంచి పిలిపించాను. ఈ ఎండలో ఎందుకు సార్, గెలుపమ్మ ఎదురుగా కనబడతా ఉంటే కొలిచేదేమిటని వాడు సణిగాడు. సణుగుతూనే పాత గొలుసు పట్టాడు. ఉత్తరం వైపు హద్దు రాయి నుంచి కొలుచుకుంటూ వచ్చాం. డిస్టెన్సు రాయి ఉండాల్సిన చోటుకు వచ్చేసరికి గొలుసు కొస గెలుపమ్మ చీర అంచుకు తగిలింది. మళ్ళీ కొలిచాం. మళ్ళీ అక్కడికే వచ్చింది. అక్కడి నుంచి బాట వెంబడి ఇంకా పది గొలుసుల తొంభై ఒక్క లింకులు, అంటే రెండు వందల నలభై గజాలు పోతే, సీమతుమ్మ కంపలో విరిగిన మొండి రాయి దొరికింది. అసలు గెలుపు రాయి అదే. దాని మీద ఈగ కూడా వాలడం లేదు.

నాకు మొదట గర్వంతో గుండె నిండిపోయింది. నూటయాభై ఏళ్ళుగా ఎవరూ కనిపెట్టనిది నేను కనిపెట్టాను. పుస్తకంలో నా పేరు వేయించుకోవాలని కూడా అనుకున్నాను. మురుగేష్ మాత్రం గొలుసు మడిచి భుజాన వేసుకుని, నా వైపు చూడకుండా ఒకే మాట అడిగాడు.

"సార్, అక్కమ్మకు ఎవురు సెప్తారు?"

అప్పటికి గానీ నాకు తట్టలేదు. షెడ్డు, కొళాయి, అంగడి అన్నీ ఆ తుమ్మకంప దగ్గరికి పోతాయి. కంచె వచ్చి అక్కమ్మ టార్పాలిన్ మీద పడుతుంది, ఇక్కడి అంగడి ఎత్తేయాల్సిందే. పోనీ అంగడి ఆమెకే ఇచ్చినా, గెలుపమ్మను వదిలి ఆ మొండి రాయి దగ్గర ఎవరు కొంటారు గుగ్గిళ్ళు?

రెండు రోజులు అన్నం సహించలేదు. పటం గురించి నోరెత్తకపోతే అయిపోతుంది. ఎవడొచ్చి కొలుస్తాడు? లోహితకు గొలుసంటే మెడలో వేసుకునేదే. కానీ రాళ్ళు జరిపి పొలాలు మింగేవాళ్ళను ముప్పై నాలుగేళ్ళు నోటికొచ్చినట్టు తిట్టినవాణ్ణి నేను. ఇప్పుడు నేనే కాగితం మీద రాయి జరిపితే, అద్దంలో ముఖం చూసుకుని ఏమని తిట్టుకోవాలి? మూడో రోజు పొద్దున రెండు కాగితాలూ సంచిలో పెట్టుకుని బస్సెక్కాను.

అక్కమ్మ మామూలుగానే దొన్నె చేతికిచ్చింది. నేను తినకుండా విషయమంతా చెప్పేశాను. ఎక్కడ నుంచి కొలిచింది, ఎన్ని లింకులు వచ్చింది, అన్నీ. పూల మీద నీళ్ళు చల్లుతున్న చెయ్యి ఆగిపోయింది.

"అయితే కొళాయి ఆడ పెడతారా అప్పా?" అంది చివరికి.

అవునన్నాను. కంచె ఇక్కడికి వస్తుందా అని అడిగింది. వస్తుందన్నాను. ఆమె నన్ను తిడుతుందని వచ్చాను. ముసలి కొలతలవాడా, నీ గొలుసు తగలెయ్య అంటుందని, అంటే బాగుండునని కూడా అనుకున్నాను. ఆమె పూలదండలు ఒక్కొక్కటీ బుట్టలో సర్దసాగింది. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

సర్దుతూ సర్దుతూ ఆమె తలెత్తింది. ఆమెకు ఒక్క సంగతి మింగుడు పడలేదు. ఆమె అత్తకు వాళ్ళవ్వ చెప్పిన మాట అది. పందెం జరిగే రోజున దొరలుండే వైపు మనవాళ్ళను రానిచ్చేవారు కాదట. తాడు కట్టేసేవారట. మనవాళ్ళంతా ఈ రాయి దగ్గరే నిలబడి చూసేవారట. ఈ రాయి పక్కన ఒకడు జెండా ఎత్తి పట్టుకుని ఉండేవాడట. ఆ జెండా దించగానే పందెం అయిపోయిందని అందరూ కేకలు వేసేవారట.

"గెలుపు ఆడ ఉంటే, జెండా మనిషి ఈడెందుకు నిలబడినాడప్పా? అది సెప్పు ముందు."

కొలిచాక కూడా ప్రశ్న మిగలడం నాకు అలవాటు లేదు. చిరాకుపడి, అప్పటిదాకా ముట్టని రెండో కాగితం తీసి కళ్ళజోడు పెట్టుకున్నాను. చదువుతూ చదువుతూ లేచి నిలబడిపోయాను. తర్వాత ఆమె పక్కనే నేల మీద కూర్చుని, ఒక్కొక్క ముక్కా తెలుగులో చెప్పాను.

ఆ రోజుల్లో పందెమంటే ఒక్క పరుగు కాదు. అవే గుర్రాలు కాస్త ఊపిరి తీసుకుని మళ్ళీ పరుగెత్తేవి, అలా రెండు మూడు సార్లు. మొదటి గుర్రం గెలుపు రాయి దాటగానే అక్కడ జెండా దించేవారు. అది చూసి ఈ డిస్టెన్సు రాయి దగ్గరి మనిషి తన జెండా దించేవాడు. ఆ క్షణానికి ఈ రాయి దాటని గుర్రాన్ని ఇంటికి పంపేసేవారు. గెలవకపోయినా సరే, ఈ రాయి దాటి ఉంటే చాలు, ఆ గుర్రానికి మళ్ళీ పరుగెత్తే హక్కు ఉన్నట్టే. తాడు ఇవతల నిలబడ్డ మనవాళ్ళకు దూరంగా జరిగే గెలుపు కనబడదు. కళ్ళ ముందు దిగిన జెండా కనబడేది. దాన్నే గెలుపనుకున్నారు.

అక్కమ్మ నవ్వింది. ముసిముసి నవ్వు కాదు, టార్పాలిన్ మీది పావురాలు లేచిపోయేంత నవ్వు.

"ఈడికి ఎవురొస్తారనుకుంటివప్పా నువ్వు? గెలిచినోళ్ళా? గెలిచినోళ్ళు కొండకు పోయి గుండు కొట్టించుకుంటారు. ముప్పై ఏండ్లుగా నేను సూస్తా ఉండాను, ఈ రాయి కాడికొచ్చేది ఒగసారి ఓడిపోయినోళ్ళే."

నిజమే కదా. మొదటిసారి పరీక్ష రాసేవాడికి ఇక్కడ పనేముంది? ఆ నల్లకోటు ప్లీడరు కూడా కింది కోర్టులో ఓడిపోయాకే వచ్చాడు, అప్పీలు కట్ట చంకలో పెట్టుకుని. జనం రాయి పేరు తప్పు పెట్టుకున్నారే కానీ, రావాల్సిన రాయి దగ్గరికే వస్తున్నారు. నా గొలుసు దీన్ని కొలవలేదు. చెప్పడానికి సిగ్గేమీ లేదు, నాకు ఆ పూట చాలా సంతోషమేసింది. దొన్నెలో గుగ్గిళ్ళు చివరి గింజదాకా తిన్నాను.

పటం, నిబంధనలు రెండూ లోహిత ముందు పెట్టాను. ఆమె పాపం తల పట్టుకుంది. మంజూరైన ప్లానులో గెలుపు రాయి అనే ఉంది, ఇప్పుడు షెడ్డు గెలుపమ్మ దగ్గర పెట్టాలంటే పైవాళ్ళకు కారణం రాసి పంపాలంది. నేను అక్కడే కూర్చుని మా పాత ఆఫీసు భాషలో రాసిచ్చాను. "ఓడినను ఈ రాతిని దాటిన అశ్వమునకు మరల పరుగెత్తు హక్కు కలదు. జనులు తెలియకనే యైనను అందులకే ఇచ్చటికి వచ్చుచున్నారు. కావున షెడ్డు, కొళాయి, అంగడి ఇచ్చటనే యుండుట సమంజసము." లోహిత అది రెండుసార్లు చదివింది. భాష మార్చనా అని అడిగితే వద్దంది. సంతకం పెట్టి పైకి పంపింది. ఇరవై రోజులకు మంజూరైంది. కొళాయి గుంత తవ్వుతుంటే అక్కమ్మ పక్కనే నిలబడి, పైపు ఇంకాస్త లోతుగా వేయమని కూలీలను సతాయించిందట.

పుస్తకం అచ్చుకు పంపేముందు మొత్తం ఆమెకు చదివి వినిపించాను. బస్సు దారి, బాట పొడుగు, రెండు రాళ్ళ కథ, జెండా సంగతి, తెరిచి ఉండే వేళలు. ఆమె కళ్ళు మూసుకుని విన్నది. అంతా బాగానే ఉందని, ఒక్కటి మాత్రం తక్కువైందని అంది. తక్కువన్న మాటకు నాకు చుర్రున కోపం వచ్చింది. ఎన్ని లింకులు తక్కువైందో చెప్పమన్నాను.

"ఓడిపోయినోళ్ళు ఎవురి కంటా పడకుండా తెల్లారకముందే వస్తారప్పా. తలకు గుడ్డ కప్పుకొని వచ్చే బిడ్డలు ఉండారు. పట్టపగలే రావొచ్చునని రాయి. సిగ్గు పడేదేమీ లేదని రాయి."

వేళలు రాసిన పేజీలో, ఉదయం ఆరు నుంచి సాయంత్రం ఆరు దాకా అన్న వరుస కింద ఆమె మాట చేర్చాను: ఓడిపోయి వచ్చేవారు పట్టపగలే రావచ్చు, సిగ్గు పడనక్కర లేదు. లోహిత నా పుస్తకమంతా ఎర్ర సిరాతో చెండాడింది. ఆ వరుస దగ్గర మాత్రం ఒక్క అక్షరం కూడా ముట్టుకోలేదు. కింద గీత గీసి, పక్కన ప్రెస్సువాళ్ళకు రాసింది, దీన్ని పెద్ద అక్షరాల్లో వేయమని.